ఆర్మెలాక్సిఫిన్ మాత్ర ఎవరికి నప్పుతుంది? అధిక రక్తస్రావానికీ రొమ్ము నొప్పికీ ఉన్న మందుల పోలిక

నెలసరిలో రక్తస్రావం ఎక్కువైందని గైనకాలజిస్టు దగ్గరికి వెళ్ళిన స్త్రీకీ, రొమ్ము నొప్పితో సర్జన్ దగ్గరికి వెళ్ళిన స్త్రీకీ ఒకే మాత్ర రాసివ్వడం మన దేశంలో తరచుగా జరుగుతుంది. ఆ మాత్ర పేరు ఆర్మెలాక్సిఫిన్, పాత పేరు సెంట్‌క్రోమాన్. ఇంటికొచ్చి ఆ మందు గురించి వెతికితే అది గర్భనిరోధక మాత్ర అని తెలుస్తుంది. వాడకం చూస్తే రోజూ కాదు, వారానికి రెండుసార్లే. రొమ్ము నొప్పికి వెళ్ళిన పెళ్ళికాని అమ్మాయికి ఈ మాత్ర ఎందుకు రాశారని తల్లి కంగారు పడుతుంది. నలభై దాటి, ట్యూబెక్టమీ కూడా అయిపోయిన స్త్రీ తనకిక గర్భనిరోధక మాత్రతో పనేమిటని పక్కన పెట్టేస్తుంది. ఇద్దరి అనుమానమూ సహేతుకమే. ఈ మందు ఏం చేస్తుందో, దీనికి బదులు ఇంకేమేమి ఉన్నాయో, ఏ పరిస్థితిలో ఉన్నవారు దేన్ని ఎంచుకుంటే మేలో తెలిస్తే డాక్టరుతో జరిగే అయిదు నిమిషాల సంభాషణ సార్థకమవుతుంది. డాక్టరు ఇచ్చిన చీటీని అర్థం చేసుకోవడానికి, తగిన ప్రశ్నలు అడగడానికి మాత్రమే ఈ వ్యాసాన్ని వాడుకోండి. ఇందులోని మోతాదులు చూసి సొంతంగా మందు మొదలుపెట్టవద్దు.

## మందుకంటే ముందు తేలవలసినవి

ఏ మందు మంచిదన్న ప్రశ్నకు ముందు, ఆ రక్తస్రావం లేదా ఆ నొప్పి ఎందుకు వస్తున్నదన్న ప్రశ్నకు జవాబు దొరకాలి. కారణం తెలియకుండా వేసుకున్న మాత్ర నాలుగు నెలలు లక్షణాన్ని అణచిపెట్టి, లోపలి జబ్బును దాచిపెట్టే ప్రమాదం ఉంది.

మొదటిది, రక్తస్రావం నిజంగా ఎంత ఎక్కువ? నెలసరి 24 నుంచి 38 రోజులకొకసారి వచ్చి, ఎనిమిది రోజులలోపు ఆగిపోతే దాన్ని మామూలుగానే లెక్కిస్తారు. ఒక నెలసరిలో 80 మిల్లీలీటర్లు దాటితే అధిక రక్తస్రావమని పాత లెక్క, కానీ ఇంట్లో ఎవరూ మిల్లీలీటర్లలో కొలవలేరు. అందుకే ప్యాడ్లను చూసి మార్కులు వేసే చార్టు ఒకటి డాక్టర్లు వాడతారు. కొద్దిగా తడిసిన ప్యాడుకు 1, సగం మేర తడిసినదానికి 5, పూర్తిగా నిండినదానికి 20 చొప్పున వేసి, గడ్డలు చిన్నవైతే ఒక్కొక్కదానికి 1, పెద్దవైతే 5 కలపాలి. నెలసరి ముగిసేసరికి మొత్తం 100 దాటితే అధిక రక్తస్రావం ఉన్నట్టే భావిస్తారు. ఉదాహరణకు రెండో రోజు నాలుగు ప్యాడ్లు పూర్తిగా నిండి, రెండు పెద్ద గడ్డలు పడ్డాయనుకుంటే ఆ ఒక్కరోజుకే 90 అవుతుంది. ఒక నోటు పుస్తకంలో రెండు నెలలపాటు ఇలా రాసుకుని తీసుకెళ్తే, "చాలా అవుతోందండీ" అన్న మాటకంటే డాక్టరుకు ఎంతో ఎక్కువ తెలుస్తుంది. మందు మొదలుపెట్టాక అది పనిచేస్తున్నదో లేదో చెప్పేదీ ఆ పుస్తకమే. అయితే చార్టులో ఎంత వచ్చినా, రక్తస్రావం వల్ల మీ పని, నిద్ర, ప్రయాణం దెబ్బతింటుంటే దానికి చికిత్స అడిగే హక్కు మీకు ఉంది.

రెండవది, కారణం. గర్భం ఉందేమో చూసే పరీక్ష, హీమోగ్లోబిన్‌తో కూడిన రక్తపరీక్ష, థైరాయిడ్ పరీక్ష, గర్భసంచి స్కానింగ్ అన్నవి సాధారణంగా మొదటి మెట్టు. ఫైబ్రాయిడ్లు (గర్భసంచి కండరంలో పెరిగే, క్యాన్సర్ కాని గడ్డలు), పాలిప్‌లు (లోపలి పొరలో వచ్చే చిన్న పిలకలు), అడెనోమయోసిస్ (లోపలి పొర గర్భసంచి కండరంలోకి చొచ్చుకుపోవడం), అండం సరిగా విడుదల కాకపోవడం, రక్తం గడ్డకట్టడంలో లోపం, రాగి ఉన్న కాపర్ టీ, రక్తాన్ని పలచబరిచే మందులు, ఇలా కారణాలు చాలా ఉంటాయి. నలభై అయిదు దాటినవారికీ, అంతకంటే చిన్నవారైనా ఊబకాయం, ఏళ్ళ తరబడి క్రమం తప్పిన నెలసరి ఉన్నవారికీ గర్భసంచి లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేయవలసి రావచ్చు. ఈ పరీక్షకు భయపడి మాత్రతో సరిపెట్టుకోవడం ప్రమాదకరం. ముఖ్యంగా నెలసరి ఆగిపోయి ఏడాది గడిచాక మళ్ళీ రక్తం కనిపిస్తే, అది చుక్కలుగానే ఉన్నా, ఏ మాత్రా వేసుకోకుండా ముందు పరీక్ష చేయించుకోవాలి.

మూడవది, పిల్లలు కావాలన్న ఆలోచన. ఈ ఒక్క ప్రశ్నకు జవాబు మందుల జాబితాలో సగాన్ని కొట్టేస్తుంది. మీకు ఇప్పుడు గర్భం కావాలా, రెండేళ్ళ తర్వాత కావాలా, అసలు వద్దా అన్నది డాక్టరు అడగకపోతే మీరే చెప్పండి.

నాలుగవది, మీ ఒంటికి సరిపడనివి. కామెర్లు ఎప్పుడైనా వచ్చాయా, రక్తపోటు ఉందా, కళ్ళ ముందు మెరుపులతో మొదలయ్యే మైగ్రేన్ ఉందా, కాలిలో గానీ ఊపిరితిత్తుల్లో గానీ రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉందా, పీసీఓఎస్ (అండాశయాల్లో చిన్న తిత్తులతో, నెలసరి క్రమం తప్పే హార్మోను సమస్య) ఉందా అన్నవి ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

మిగిలిన రెండూ రోజువారీ జీవితానికి సంబంధించినవి. ఉపశమనం ఎంత త్వరగా కావాలి, రోజూ మాత్ర వేసుకోవడం గుర్తుంటుందా అన్నవి చిన్న విషయాలుగా కనిపించినా, చాలామంది మందు మధ్యలో మానేసేది వీటి దగ్గరే.

## ఆర్మెలాక్సిఫిన్ శరీరంలో ఏం చేస్తుంది

లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధన సంస్థలో రూపొందిన ఈ మందు 1991లో "సహేలి" పేరుతో గర్భనిరోధక మాత్రగా మార్కెట్లోకి వచ్చింది. 2016లో "ఛాయ" పేరుతో జాతీయ కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో చేరింది, అప్పటినుంచి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇస్తున్నారు. ఇందులో స్త్రీ హార్మోన్లయిన ఈస్ట్రోజన్ గానీ ప్రొజెస్టిరాన్ గానీ లేవు. శరీరంలో ఈస్ట్రోజన్ వెళ్ళి అతుక్కునే గ్రాహకాల దగ్గర ఈ మందు చేరి, గర్భసంచిలోనూ రొమ్ములోనూ ఈస్ట్రోజన్ ప్రభావాన్ని తగ్గిస్తుంది, ఎముకల్లో మాత్రం ఈస్ట్రోజన్‌లాగే పనిచేస్తుంది. ఇలా ఒక్కో అవయవంలో ఒక్కో రకంగా పనిచేసే మందుల కుటుంబంలోవే రొమ్ము క్యాన్సర్‌కు వాడే టామాక్సిఫెన్, ఎముకలు గుల్లబారకుండా వాడే రాలాక్సిఫెన్ కూడా.

ఒకే మాత్ర రెండు జబ్బులకు ఎలా పనికొస్తుందన్నదానికి ఇదే జవాబు. గర్భసంచి లోపలి పొర ఈస్ట్రోజన్ వల్ల మందంగా పెరిగితే నెలసరిలో రక్తం ఎక్కువ పోతుంది. నెలసరికి ముందు రొమ్ములు బరువెక్కి నొప్పి పెట్టడంలోనూ హార్మోన్లకు రొమ్ము కణజాలం చూపే స్పందనకు పాత్ర ఉంది. రెండు చోట్లా ఈస్ట్రోజన్ పట్టు సడలితే లక్షణం తగ్గుతుంది. అండం విడుదల కావడాన్ని ఈ మందు సాధారణంగా ఆపదు. గర్భం రాకపోవడానికి కారణం, ఫలదీకరణ చెందిన అండం కుదురుకోవడానికి గర్భసంచి పొర సిద్ధంగా లేకపోవడమే. మందు మానేశాక గర్భధారణ శక్తి తిరిగి వస్తుంది, కాబట్టి పెళ్ళికాని అమ్మాయికి ఈ మాత్ర ఇస్తే తర్వాత పిల్లలు పుట్టరన్న భయానికి ఆధారం లేదు.

మందు శరీరంలో చాలాకాలం నిలిచి ఉంటుంది. దాని పరిమాణం సగానికి తగ్గడానికే సుమారు వారం పడుతుంది. వారానికి ఒకటి రెండు మాత్రలు సరిపోవడానికి కారణం ఇదే. ఏదైనా ఇబ్బంది వచ్చి ఆపేసినా ప్రభావం వెంటనే పోకపోవడానికీ ఇదే కారణం.

మోతాదు జబ్బును బట్టి మారుతుంది. గర్భనిరోధకంగా 30 మి.గ్రా. మాత్రను మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, ఆ తర్వాత వారానికొకసారి వాడతారు. అధిక రక్తస్రావానికి 60 మి.గ్రా. మాత్రను వారానికి రెండుసార్లు చొప్పున 12 వారాలు, తర్వాత వారానికొకసారి మరో 12 వారాలు ఇవ్వడం వాడుకలో ఉన్న పద్ధతి. రొమ్ము నొప్పికి 30 మి.గ్రా. వారానికి రెండుసార్లు గానీ రోజు విడిచి రోజు గానీ మూడు నెలలు ఇస్తారు. ఒకే పేరున్న మందు కదా అని ఆరోగ్య కేంద్రంలో ఇచ్చిన ఛాయ మాత్రలను రక్తస్రావానికి సొంత లెక్కతో రెట్టింపు చేసుకోవడం సరికాదు.

## అధిక రక్తస్రావం: అయిదు దారులు

| మందు | వాడే తీరు | ఎంత త్వరగా పనిచేస్తుంది | గర్భం రాకుండా ఆపుతుందా | ఎవరికి సరిపడదు |
|---|---|---|---|---|
| ట్రానెగ్జామిక్ యాసిడ్ | రక్తస్రావం ఎక్కువున్న మూడు నాలుగు రోజులు, రోజుకు మూడుసార్లు | ఆ నెలలోనే | ఆపదు | రక్తం గడ్డకట్టే జబ్బు ఉన్నవారికి, గతంలో వచ్చినవారికి |
| ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ కలిసిన మాత్ర | రోజూ ఒకటి | ఒకటి రెండు నెలల్లో | ఆపుతుంది | 35 దాటి పొగతాగేవారికి, అధిక రక్తపోటు, మెరుపులతో మైగ్రేన్, రక్తం గడ్డలు ఉన్నవారికి |
| నోరెథిస్టిరాన్ | డాక్టరు చెప్పిన రోజుల్లో, రోజుకు రెండు మూడుసార్లు | రెండు మూడు రోజుల్లో ఆగుతుంది | ఈ పద్ధతిలో నమ్మలేము | కాలేయ వ్యాధి, రక్తం గడ్డలు, రొమ్ము క్యాన్సర్ ఉన్నవారికి |
| హార్మోన్ ఉన్న గర్భాశయ సాధనం | ఒకసారి అమరిస్తే ఏళ్ళ తరబడి | మూడు నుంచి ఆరు నెలలు | ఆపుతుంది | గర్భసంచి ఆకారం బాగా మారినవారికి, ఇన్ఫెక్షన్, రొమ్ము క్యాన్సర్ ఉన్నవారికి |
| ఆర్మెలాక్సిఫిన్ | వారానికి రెండు, తర్వాత ఒకటి | ఒకటి నుంచి మూడు నెలలు | ఆపుతుంది | పీసీఓఎస్, కాలేయ వ్యాధి, ఇటీవలి కామెర్లు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి, గర్భిణులకు |

పట్టికలో ఇమడని విషయాలు కొన్ని ఉన్నాయి.

ట్రానెగ్జామిక్ యాసిడ్ హార్మోను కాదు. గర్భసంచి పొరలో గడ్డకట్టిన రక్తం త్వరగా కరిగిపోకుండా చూస్తుంది, రక్తస్రావాన్ని దాదాపు సగం వరకు తగ్గించగలదు. గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారికి నా దృష్టిలో ఇదే మొదటి మందు, ఎందుకంటే రక్తస్రావం రోజుల్లో మాత్రమే వేసుకుంటారు, అండం విడుదలను గానీ గర్భధారణను గానీ అడ్డుకోదు. కడుపునొప్పి కూడా ఉంటే దీనికి మెఫెనామిక్ యాసిడ్ తోడుచేస్తారు. దాన్ని ఏదైనా తిన్న తర్వాతే వేసుకోవాలి, కడుపులో పుండు ఉన్నవారు వాడకూడదు. దీని పరిమితి ఏమిటంటే, నెలసరి ఎప్పుడొస్తుందో తెలియని క్రమభంగాన్ని ఇది సరిచేయదు. ప్రతి నెలా మళ్ళీ వాడవలసిందే.

నోరెథిస్టిరాన్ మన ఇళ్ళలో వేరే కారణంగా తెలిసిన మందు. పెళ్ళికో, వ్రతానికో, తిరుమల ప్రయాణానికో నెలసరిని వాయిదా వేయడానికి వేసుకునే మాత్ర ఇదే. ఒకసారి అలా వాడిన అనుభవంతో, రక్తస్రావం ఎక్కువైన ప్రతిసారీ షాపులో అడిగి తెచ్చుకుని వేసుకునేవారు ఉన్నారు. రక్తస్రావాన్ని వెంటనే ఆపడంలో ఇది నిజంగా బాగా పనిచేస్తుంది, కానీ మానేసిన కొద్ది రోజులకే పొర రాలి రక్తస్రావం అవుతుంది. కడుపు ఉబ్బరం, తలనొప్పి, చిరాకు చాలామందికి కలుగుతాయి. నెలల తరబడి పరీక్ష లేకుండా దీని మీద నడవడం మంచిది కాదు. ఆర్మెలాక్సిఫిన్‌ను మాత్రం నెలసరి వాయిదా కోసం వాడడానికి వీల్లేదు, ఆ పని దానితో నమ్మకంగా జరగదు.

కలిసిన మాత్ర చిన్న వయసువారికి, నెలసరి క్రమం కూడా తప్పినవారికి మంచి ఎంపిక. పీసీఓఎస్ ఉన్న అమ్మాయిలకు ఆర్మెలాక్సిఫిన్ సరిపడని చోట తరచుగా ఇదే సరిపోతుంది. అయితే రోజూ ఒకే వేళకు వేసుకోవాలి, ఈస్ట్రోజన్ ఉన్నందువల్ల 35 దాటిన కొద్దీ జాగ్రత్త పెరగాలి.

గర్భసంచిలో అమర్చే, లెవోనార్జెస్ట్రెల్ అనే హార్మోన్ ఉన్న సాధనం రక్తస్రావాన్ని తగ్గించడంలో మందులన్నిటికంటే ముందుంటుంది. మొదటి మూడు నుంచి ఆరు నెలలు చుక్కలు చుక్కలుగా రక్తం కనిపించడం దీని ముఖ్యమైన ఇబ్బంది. ఆ మాట ముందే చెప్పకపోతే చాలామంది రెండో నెలలోనే తీయించుకుంటారు. ఖర్చు ఒకేసారి వేలల్లో పెట్టాలి, కానీ అయిదేళ్ళ మీద పంచి చూస్తే భారం తగ్గుతుంది.

ఇక ఆర్మెలాక్సిఫిన్. దీనికి అనుకూలంగా చెప్పదగినవి, రోజూ గుర్తుపెట్టుకోనక్కరలేదు, ఈస్ట్రోజన్ లేదు, వాంతులు, వికారం లాంటివి తక్కువ, ధర అందుబాటులో ఉంటుంది. మన ఆసుపత్రుల్లో జరిగిన అధ్యయనాల్లో రక్తస్రావం మార్కులు తగ్గి హీమోగ్లోబిన్ పెరిగినట్టు పదేపదే కనిపించింది. అయితే ఆ అధ్యయనాల్లో ఎక్కువ భాగం చిన్నవి, దాదాపు అన్నీ భారతదేశంలోనే జరిగినవి. ట్రానెగ్జామిక్ యాసిడ్‌కో, గర్భాశయ సాధనానికో ఉన్నంత విస్తృతమైన ఆధారం దీనికి లేదన్నది నిజాయితీగా చెప్పుకోవాలి.

దీని అసలు ఇబ్బంది నెలసరి ఆలస్యం. మొదటి నెలల్లో చక్రం సాగుతుంది, 60 మి.గ్రా. మోతాదులో కొంతమందికి నెలసరి పూర్తిగా ఆగిపోతుంది. రక్తస్రావంతో విసిగిన స్త్రీకి అది వరంలా తోచవచ్చు, అయితే గర్భం వచ్చిందేమోనన్న ఆందోళన ఆమెను నిద్రపోనివ్వకపోవచ్చు. అనుకున్న తేదీ దాటి పదిహేను రోజులైనా రాకపోతే గర్భ పరీక్ష చేసుకోవాలి. గర్భం లేదని తేలితే ఆలస్యం మందు వల్లనేనని డాక్టరు నిర్ధారించి కొనసాగించవచ్చు. కొంతమందికి స్కానింగ్‌లో అండాశయంలో నీటితిత్తులు కనిపిస్తాయి, చాలావరకు తమంతట తామే తగ్గిపోతాయి. కడుపులో ఒకవైపు నొప్పి వస్తే మాత్రం చెప్పాలి. ఇంకొక మాట, ఈ రోజు ఆగకుండా పోతున్న రక్తాన్ని ఆర్మెలాక్సిఫిన్ ఈ రోజే ఆపదు. అందుకే మొదటి నెలలో దానికి తోడుగా ట్రానెగ్జామిక్ యాసిడ్ రాస్తే అది అనవసరమైన మందు కాదు.

గంటకొక ప్యాడు నిండుతూ రెండు గంటలకు మించి సాగితే, లేదా కళ్ళు తిరిగి, గుండె దడగా ఉంటే ఏ మాత్ర మంచిదని ఆలోచిస్తూ కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

## గర్భసంచి తీయించుకోవడం గురించి

ఈ పోలిక తెలుగు నేలకు ప్రత్యేకంగా అవసరం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తొలగించుకున్నవారు దేశం మొత్తం మీద వందకు సుమారు ముగ్గురుంటే, ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఎనిమిది తొమ్మిదిమంది దాకా ఉన్నారు. "పిల్లలు పుట్టేశారు, ఇక దానితో పనేముంది, తీయించేసుకుంటే పీడ పోతుంది" అన్న మాట ఊళ్ళో ఎంత తేలిగ్గా వినిపిస్తుందో మనకు తెలుసు. పెద్ద ఫైబ్రాయిడ్లు, క్యాన్సర్, మందులకు లొంగని రక్తస్రావం ఉన్నవారికి ఆ ఆపరేషన్ ప్రాణాన్ని నిలబెడుతుంది. కానీ ముప్ఫై అయిదేళ్ళ స్త్రీకి, ఒక్క మందు కూడా సరిగా ఆరునెలలు వాడి చూడకుండా ఆపరేషన్ చెప్పడం అన్యాయం. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఆ రోజు నుంచే మెనోపాజ్ మొదలవుతుంది, ఎముకల బలం, గుండె ఆరోగ్యం అన్నీ దాని వెంట మారతాయి. అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను అరికట్టే కేంద్ర మార్గదర్శకాలను అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. ఆపరేషన్ అని చెప్పినప్పుడు "ముందు వాడి చూడదగిన మందు ఏదైనా ఉందా, ఎందుకు వద్దంటున్నారు?" అని అడగడం డాక్టరును అవమానించడం కాదు.

## రొమ్ము నొప్పి, రొమ్ములో గడ్డ

ఈ రెంటినీ విడదీయడమే ఇక్కడ మొదటి పని. నొప్పి మాత్రమే ఉండి గడ్డ ఏదీ లేకపోతే అది క్యాన్సర్ కావడం అరుదు. గడ్డ చేతికి తగిలితే, నొప్పి ఉన్నా లేకపోయినా, ముందు పరీక్ష జరగాలి. డాక్టరు చేత్తో చూడటం, వయసును బట్టి అల్ట్రాసౌండ్ గానీ మామోగ్రామ్ గానీ, అవసరమైతే సూదితో ముక్క తీయడం, ఈ మూడూ కలిస్తేనే నమ్మకంగా చెప్పగలరు. చనుమొన నుంచి రక్తం కారడం, చర్మం గుంటపడటం, చనుమొన లోపలికి పోవడం, చంకలో గడ్డ తగలడం ఉంటే ఒక్క వారం కూడా వాయిదా వేయవద్దు. ఏ హార్మోను మాత్రనైనా ఆ పరీక్షల తర్వాతే మొదలుపెట్టాలి.

నెలసరికి వారం పది రోజుల ముందు మొదలై, నెలసరి రాగానే తగ్గే నొప్పి హార్మోన్లతో ముడిపడినది. రెండు మూడు నెలలపాటు ఏ రోజు ఎంత నొప్పి ఉందో పదికి మార్కులు వేసి రాసుకుంటే ఆ తీరు తెలిసిపోతుంది. తీరు లేకుండా ఒకే చోట పొడిచినట్టు ఉండే నొప్పి చాలాసార్లు పక్కటెముకలది, కండరాలది. దానికి హార్మోను మాత్రలు పనికిరావు.

నెలసరితో ముడిపడిన నొప్పిలోనూ ఎక్కువమందికి మందే అవసరం ఉండదు. పరీక్ష చేసి ఇది క్యాన్సర్ కాదని చెప్పడం, సరైన కొలతలో గట్టిగా పట్టి ఉంచే బ్రా వేసుకోవడం, ఈ రెంటితోనే చాలామందికి తగ్గిపోతుంది. ఆ తర్వాతి మెట్టు డైక్లోఫినాక్ జెల్ పైపూతగా రాయడం. రక్తంలోకి తక్కువగా వెళ్తుంది కాబట్టి, మాత్ర వేసుకోవడానికి ఇష్టపడనివారికి ఇది మంచి ఆరంభం. ఈవెనింగ్ ప్రిమ్‌రోజ్ నూనె గుళికలు ఇప్పటికీ విరివిగా రాస్తున్నారు. జాగ్రత్తగా జరిగిన ప్రయోగాల్లో అవి ఉత్తుత్తి గుళికలకంటే మెరుగ్గా పనిచేసినట్టు తేలలేదు, రొమ్ము నొప్పికి వాటికున్న అనుమతిని బ్రిటన్ 2002లో ఉపసంహరించుకుంది. హాని తక్కువే, కానీ ఆ డబ్బు నెలనెలా ఎందుకు పెట్టాలన్నది ఆలోచించండి.

వీటితో తగ్గక, పనికీ నిద్రకూ అడ్డుపడే నొప్పి మిగిలితే అప్పుడు హార్మోన్ల మీద పనిచేసే మందుల వంతు. డానజాల్ పనిచేస్తుంది, కానీ మొటిమలు, మొహం మీద వెంట్రుకలు, బరువు పెరగడం, గొంతు బొంగురుపోవడం లాంటివి వస్తాయి. గొంతులో మార్పు మందు మానినా పూర్తిగా పోకపోవచ్చు. టామాక్సిఫెన్‌ను రోజుకు 10 మి.గ్రా. చొప్పున మూడు నెలలు ఇవ్వడం ప్రపంచమంతటా అనుభవం ఉన్న పద్ధతి. దానితో ఒళ్ళంతా వేడి ఆవిర్లు వస్తాయి, రక్తం గడ్డకట్టే ముప్పు కొంత పెరుగుతుంది. ఆర్మెలాక్సిఫిన్ ఈ రెంటికంటే తేలిగ్గా తట్టుకోదగినదని మన సర్జన్ల అనుభవం. దిల్లీ ఎయిమ్స్ సర్జన్లు 2007లో ప్రచురించిన పరిశీలనలో రొమ్ము నొప్పికి దీని ఫలితం స్పష్టంగా కనిపించింది. ఆ తర్వాత డానజాల్‌తో పోల్చిన అధ్యయనాలూ వచ్చాయి. నొప్పి విషయంలో, మనకు అందుబాటులో ఉన్న మూడింటిలో దీన్నే ముందు ప్రయత్నించడం నాకు సబబుగా తోస్తుంది.

ఫైబ్రోఅడినోమా అనే గడ్డ సంగతి వేరు. పదిహేను నుంచి ముప్ఫై అయిదేళ్ళ మధ్య వచ్చే, వేలి కింద జారిపోయే ఈ గడ్డ క్యాన్సర్ కాదు, చాలావరకు పెరగకుండా అలాగే ఉండిపోతుంది, కొన్ని వాటంతటవే కరిగిపోతాయి. ఆర్మెలాక్సిఫిన్‌తో కొంతమందిలో గడ్డ చిన్నదైంది, మరికొంతమందిలో మారలేదు. మందు లేకపోయినా కరిగే గడ్డ మందు వల్లే కరిగిందని చెప్పడం కష్టం. అందుచేత నిర్ధారణ అయిన చిన్న గడ్డకు ఆరునెలలకొకసారి స్కానింగ్‌తో గమనించడం ఒక ఎంపిక, నొప్పి కూడా ఉంటే మూడు నెలలు మందు వాడి చూడటం రెండో ఎంపిక, మూడు సెంటీమీటర్లు దాటినా, పెరుగుతున్నా, మనసుకు శాంతి లేకపోయినా తీయించుకోవడం మూడో ఎంపిక. గడ్డ కరగాలని ఏడాది పాటు మాత్రలు మింగడం మాత్రం ఎంపిక కాదు.

## మీ పరిస్థితి ఏది?

నలభై దాటి, పిల్లలు ఇక వద్దనుకుని, నెలసరిలో రక్తం ఎక్కువ పోతూ, దానికి తోడు నెలనెలా రొమ్ము నొప్పి కూడా ఉన్న స్త్రీకి, పరీక్షల్లో ప్రమాదకరమైనది ఏదీ లేదని తేలితే, ఆర్మెలాక్సిఫిన్ బాగా నప్పుతుంది. రక్తపోటు వల్ల ఈస్ట్రోజన్ మాత్రలు వాడలేనివారికి మరీ. ఒక్క మందుతో రెండు బాధలూ తగ్గే అవకాశం ఉంది.

అలాంటి వయసులోనే ఉండి, రొమ్ము బాధ లేకుండా రక్తస్రావమే సమస్య అయితే, ఏళ్ళ తరబడి పరిష్కారం కావాలనుకుంటే గర్భాశయ సాధనం గురించి ముందు అడగండి. లోపల ఏదైనా అమర్చడం ఇష్టం లేకపోతే ఆర్మెలాక్సిఫిన్ వైపు రావచ్చు.

కొత్తగా పెళ్ళయి పిల్లల కోసం చూస్తున్నవారు ఆర్మెలాక్సిఫిన్ వాడకూడదు. రక్తస్రావానికి ట్రానెగ్జామిక్ యాసిడ్, రొమ్ము నొప్పికి బ్రా, జెల్‌తో సరిపెట్టుకోవడం మేలు. టామాక్సిఫెన్, డానజాల్ కూడా గర్భానికి హానికరం కాబట్టి వద్దు.

రజస్వల అయిన మొదటి రెండు మూడేళ్ళలో అమ్మాయిలకు నెలసరి అస్తవ్యస్తంగా రావడం సాధారణం. కానీ మొదటి నెలసరి నుంచే విపరీతంగా పోతుంటే, చిగుళ్ళ నుంచి, ముక్కు నుంచి కూడా తరచుగా రక్తం వస్తుంటే గడ్డకట్టే లోపం ఉందేమో చూడాలి. ఈ వయసులో మొదట ట్రానెగ్జామిక్ యాసిడ్, లేదా డాక్టరు పర్యవేక్షణలో కలిసిన మాత్ర వైపే మొగ్గు ఉంటుంది.

బిడ్డకు పాలిస్తున్న తల్లులకు గర్భనిరోధకంగా ఛాయను ప్రభుత్వ కార్యక్రమం ఇస్తుంది. రక్తస్రావానికి రెట్టింపు మోతాదు వాడవలసి వస్తే మాత్రం అది వేరే నిర్ణయం, గైనకాలజిస్టుతో మాట్లాడాలి.

అమెరికాలో, బ్రిటన్‌లో ఉన్న మనవాళ్ళకు ఆర్మెలాక్సిఫిన్ అక్కడి ఫార్మసీల్లో దొరకదు. ఇండియా నుంచి అమ్మానాన్నలు తెచ్చిన అట్టతో వాడుతున్నట్టయితే, అక్కడి డాక్టరుకు తప్పక చెప్పండి. ఆ పేరు వారు విని ఉండకపోవచ్చు, టామాక్సిఫెన్, రాలాక్సిఫెన్ కుటుంబంలోని మందు అని చెబితే వెంటనే అర్థమవుతుంది. అక్కడే ఉండి కొత్తగా మొదలుపెట్టేవారికైతే, నెలనెలా దొరుకుతుందో లేదో తెలియని మందుకంటే ట్రానెగ్జామిక్ యాసిడ్, గర్భాశయ సాధనం అనుకూలం.

ఏ మందు ఎంచుకున్నా హీమోగ్లోబిన్ 12కు తక్కువ ఉంటే ఇనుము మాత్రలు దానితోపాటే మొదలుకావాలి. రక్తస్రావం తగ్గినంత మాత్రాన పోయిన రక్తం తిరిగి రాదు. ఇనుము మాత్ర వేసుకున్న వెంటనే టీ, కాఫీ తాగవద్దు.

## ఆర్మెలాక్సిఫిన్ మొదలుపెడితే

నెలసరి మొదటి రోజున మొదటి మాత్ర వేసుకుంటారు. ఆ రోజు ఆదివారమైతే రెండోది బుధవారం, సోమవారమైతే గురువారం, మంగళవారమైతే శుక్రవారం, ఇలా మూడు రోజుల తేడాతో వారంలో రెండు రోజులు ఖాయం చేసుకుని క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోండి. వారానికొకసారికి మారాక మొదటి మాత్ర వేసుకున్న రోజే (ఆదివారమైతే ఆదివారమే) కొనసాగుతుంది. మధ్యలో నెలసరి వచ్చినా ఆపనక్కరలేదు.

ఒక మాత్ర మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి. ఆలస్యం ఏడు రోజులలోపు అయితే పాత రోజులనే కొనసాగించి, గర్భం వద్దనుకునేవారు తర్వాతి నెలసరి వరకు కండోమ్ కూడా వాడాలి. ఏడు రోజులు దాటితే, గర్భనిరోధకంగా వాడేవారు మళ్ళీ మొదటినుంచి వారానికి రెండు చొప్పున మొదలుపెట్టాలి. చికిత్స కోసం వాడేవారు డాక్టరును అడగాలి.

కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా, చూపు మసకబారినా, కాలు ఒకవైపే వాచి నొప్పిపెట్టినా మందు ఆపి వెంటనే డాక్టరును కలవండి. మూడు నెలలకు ప్యాడ్ల మార్కులు, నొప్పి మార్కులు తీసుకుని వెళ్ళండి. రక్తస్రావానికైతే హీమోగ్లోబిన్‌ను, ఆరో నెలలో స్కానింగ్‌ను మళ్ళీ చూడమని అడగండి. మూడు నెలలు క్రమంగా వాడినా మార్కులు కదలకపోతే, అదే మందును ఇంకో మూడు నెలలు పొడిగించడానికి ముందు మొదటి నిర్ధారణ సరైనదేనా అని తిరిగి పరిశీలించమని కోరడం మీ బాధ్యత, ఆ సమాధానం ఇవ్వడం వారి బాధ్యత.